స్టార్ట్ కాని కొత్త డెస్క్‌టాప్: కొలుస్తూ, ఒక్కో అనుమానాన్నీ కొట్టేస్తూ రాసిన ప్రాజెక్టు డైరీ

బిగింపు పూర్తయింది. బటన్ నొక్కితే ఫ్యాన్ కదలదు, లైటు వెలగదు, చప్పుడు లేదు. డైరీ ఇక్కడి నుంచే మొదలు.

ముందుగా ఒక మాట. కొత్తగా బిగించిన మెషీన్‌లో తప్పు ఒక్కటే ఉంటుందని నమ్మితే పని సాగదు. రెండు మూడు తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉండొచ్చు. మొదటిది సరిచేశాక కూడా మెషీన్ లేవకపోతే "తప్పు ఇది కాదేమో" అనిపిస్తుంది. సరిచేసినదాన్ని మళ్లీ విప్పేస్తారు, లేదా బాగున్న పార్టును వాపసు పంపేస్తారు. అందుకే ఈ డైరీలో ప్రతి అడుగు దగ్గరా అడిగే ప్రశ్న ఒక్కటే: లక్షణం మారిందా? మారితే ఒక తప్పు పోయినట్టే, ఇంకొకటి బయటపడినట్టే.

మెషీన్, పనిముట్లు

ఏఎం5 సాకెట్ ఉన్న బీ650 మదర్‌బోర్డు (ఏటీఎక్స్ సైజు), రైజెన్ 5 7600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులు రెండు, 650 వాట్ల మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంటు ఇచ్చే పెట్టె, కేబుళ్లు విడిగా తగిలించే రకం), ఒక 8-పిన్ పవర్ కనెక్టర్ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, ఎం.2 ఎస్‌ఎస్‌డీ (నేరుగా బోర్డుకే బిగించే డిస్కు) ఒకటి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌తో టవర్ కూలర్, ముందువైపు యూఎస్‌బీ పోర్టులున్న క్యాబినెట్.

పనిముట్లు: అయస్కాంతం ఉన్న నక్షత్రపు మొన స్క్రూడ్రైవర్, డిజిటల్ మల్టీమీటర్ (20 వోల్ట్‌ల డీసీ, ఓంలు, కంటిన్యుటీ చాలు), టార్చి, సన్నమొన ప్లాస్టిక్ పట్టకారు, 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాని గుడ్డ, థర్మల్ పేస్ట్, దగ్గరి ఫొటోలు తీయగల ఫోను. మదర్‌బోర్డు మీద డీబగ్ ఎల్ఈడీలు (స్టార్ట్ ఎక్కడ ఆగిందో చూపే చిన్న లైట్లు) లేకపోతే నాలుగు పిన్‌ల చిన్న బీప్ స్పీకర్ కూడా కావాలి. అది లేకుండా ముందుకెళ్తే చీకట్లో తడుముకున్నట్టే.

అనుమానితుల పట్టిక

1. గోడ ప్లగ్గు, పవర్ కార్డు
2. ఎస్‌ఎంపీఎస్
3. 24-పిన్ కేబుల్
4. ప్రాసెసర్ 8-పిన్ కేబుల్
5. పవర్ బటన్, దాని వైరు
6. క్యాబినెట్ లోపల షార్ట్
7. ముందువైపు యూఎస్‌బీ
8. మదర్‌బోర్డు
9. ప్రాసెసర్, సాకెట్
10. కూలర్
11. ర్యామ్
12. బయోస్ (స్టార్ట్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రామ్)
13. గ్రాఫిక్స్ కార్డు
14. మానిటర్, దాని కేబుల్
15. ఎస్‌ఎస్‌డీ

లెక్క: అనుమానితులు 15. దొరికిన తప్పులు 0.

## దశ 1: అసలు ప్రాణమే లేదు

ఏ స్పందనా లేనప్పుడు ర్యామ్ తీసి పెట్టడం, ప్రాసెసర్ విప్పడం దండగ. ర్యామ్ పాడైనా, ప్రాసెసర్ పాడైనా సాధారణంగా ఫ్యాన్లు తిరుగుతాయి. చూడాల్సింది గోడ నుంచి బటన్ దాకా ఉన్న దారి.

1. స్పైక్ బస్టర్ పక్కనపెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాలి. అదే ప్లగ్గులో వేరే పరికరం పనిచేస్తోందా చూడాలి. ఇక్కడ సరిగానే ఉంది.
2. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్: గీత గుర్తు ఆన్, సున్నా గుర్తు ఆఫ్. ఆన్‌లోనే ఉంది.
3. 24-పిన్ ప్లగ్గును బోర్డు నుంచి తీసి, దాని మీద స్టాండ్‌బై వోల్టేజ్ (మెషీన్ ఆగి ఉన్నప్పుడూ వచ్చేది) కొలవాలి.

మూడో అడుగు దగ్గర చాలామంది ఆగిపోతారు. కారణం: కొత్త మాడ్యులర్ కేబుళ్లన్నీ నలుపే. ఆకుపచ్చ వైరు, ఊదా వైరు అని చెప్పే పాత సూచనలు వీటి మీద పనికిరావు. కానీ మల్టీమీటరే పిన్‌లను పట్టిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ స్టాండ్‌బైలో ఉన్నప్పుడు 24 పిన్‌లలో వోల్టేజ్ కనిపించేవి రెండే: 9వ పిన్ (5 వోల్ట్‌ల స్టాండ్‌బై), 16వ పిన్ (పీఎస్-ఆన్). నల్ల ప్రోబును ఎస్‌ఎంపీఎస్ ఇనుప డొక్కుకు ఆనించి, ఎర్ర ప్రోబుతో ఒక్కో పిన్ చూస్తే ఆ రెండూ తేలిపోతాయి. లాక్ క్లిప్ ఉన్న వరుసలోది 16, ఎదుటి వరుసలోది 9.

9వ పిన్ మీద 5.04 వోల్ట్‌లు వచ్చాయి. 4.75 నుంచి 5.25 వరకు సరే. అంటే ఎస్‌ఎంపీఎస్ బతికే ఉంది.

4. స్విచ్ ఆఫ్ చేసి, కార్డు పీకి, 16వ పిన్‌ను పక్కనున్న 17వ పిన్‌తో (గ్రౌండ్) చిన్న వైరు ముక్కతో కలపాలి. తర్వాత కార్డు పెట్టి స్విచ్ వేయాలి.

బోర్డు మీది బటన్ చేసే పని కూడా చివరికి ఇదే: 16వ పిన్‌ను గ్రౌండ్‌కు లాగడం. వైరు పెట్టి స్విచ్ వేశాక ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగలేదు. ఇక్కడే ఎన్నో మంచి ఎస్‌ఎంపీఎస్‌లు చెత్తబుట్ట పాలవుతాయి. లోడు తక్కువున్నప్పుడు ఫ్యాన్‌ను ఆపి ఉంచే మోడళ్లు ఇప్పుడు మామూలు. ఫ్యాన్‌ను నమ్మకండి, మీటరును నమ్మండి.

- 12 వోల్ట్‌ల లైను: 12.14 (11.40 నుంచి 12.60 వరకు సరే)
- 5 వోల్ట్‌ల లైను: 5.06 (4.75 నుంచి 5.25)
- 3.3 వోల్ట్‌ల లైను: 3.34 (3.14 నుంచి 3.47)
- 8వ పిన్, పవర్-ఓకే: 4.9

చివరిదాన్ని మరవద్దు. మిగతా లైన్లు నిలకడపడ్డాక 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు ఎస్‌ఎంపీఎస్ ఈ సంకేతం పంపాలి. 12 వోల్ట్‌లు చక్కగా వస్తూ పవర్-ఓకే సున్నా దగ్గరే ఉంటే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ బోర్డు రీసెట్‌లోనే ఉండిపోతుంది. అయితే లోడు లేకుండా తీసిన ఈ అంకెలతో ఎస్‌ఎంపీఎస్‌ను పూర్తిగా విడుదల చేయలేం. దాని పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలాం.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్ట్‌ల దరిదాపు చార్జ్ ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంతసేపు మిగులుతుంది.

5. 24-పిన్ ప్లగ్గు తిరిగి పెట్టాం, క్లిప్ కొక్కెం మీద పడే దాకా నొక్కి. ఇక పవర్ బటన్ వంతు.

ముందు ప్యానెల్ హెడర్‌లో (బటన్, లైట్ల వైర్లు తగిలించే బోర్డు మీది పిన్‌ల గుంపు) రెండు వరుసలుంటాయి. ఎక్కువ బోర్డుల మీద అమరిక ఇది: 2, 4 పవర్ లైటు, 6, 8 పవర్ బటన్, 1, 3 డిస్కు లైటు, 5, 7 రీసెట్, 10వ పిన్ ఉండదు. ఆ ఖాళీయే గుర్తు. మీ బోర్డు మాన్యువల్‌లో బొమ్మ చూసి ఖాయం చేసుకోండి. బటన్లకు ప్లస్, మైనస్ లేదు, లైట్లకు ఉంది.

6వ పిన్ మీద 3.3 వోల్ట్‌లు ఉన్నాయి. క్యాబినెట్ బటన్ నొక్కితే ఆ వోల్టేజ్ సున్నాకు పడాలి. పడలేదు. ప్లగ్గు ఎదుటి వరుసలో 5, 7 మీద కూర్చుని ఉంది. అంటే పవర్ బటన్ రీసెట్ బటన్‌గా మారింది. ఆగి ఉన్న మెషీన్‌కు రీసెట్ నొక్కితే ఏమీ జరగదు.

ప్లగ్గును 6, 8 మీదికి మార్చాం. నొక్కితే 3.3 నుంచి 0. బటన్ పనిచేస్తోంది. ప్లగ్గు మార్చడానికి ముందే స్క్రూడ్రైవర్ మొనతో 6, 8 పిన్‌లను ఒక్క క్షణం తాకించినా ఇదే తేలుతుంది. మొన మిగతా పిన్‌లకు తగలకుండా చూసుకోవాలి.

మెషీన్ మాత్రం లేవలేదు. కానీ లక్షణం మారింది: కూలర్ ఫ్యాన్ పావు చుట్టు తిరిగి ఆగింది.

లెక్క: కొట్టేసినవి 1, 3, 5. సగం కొట్టేసినది 2. మిగిలినవి 12. తప్పులు 1.

## దశ 2: ఒక్క కుదుపు, ఆ తర్వాత నిశ్శబ్దం

ఫ్యాన్ కదిలి ఆగిపోవడం, మళ్లీ బటన్ నొక్కితే స్పందించకపోవడం, వెనక స్విచ్ ఆఫ్ చేసి కొంతసేపు ఆగి వేస్తే మళ్లీ ఒక్క కుదుపు. ఇది ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకునే తీరు. ఎక్కడో షార్ట్ ఉంది, కరెంటు అదుపు తప్పబోయింది, అది తాళం వేసుకుంది. స్విచ్ ఆఫ్ చేసి అర నిమిషం ఆగితే తాళం విడుతుంది. ఆ అర నిమిషం ఆగకుండా వరసగా నొక్కితే "ఒకసారి కుదుపు వచ్చింది, ఒకసారి రాలేదు" అనిపించి లెక్క గందరగోళం అవుతుంది.

ఈ దశలో బటన్ పదేపదే నొక్కడం మంచిది కాదు. ఒక్కో మార్పు, ఒక్క నొక్కు, ఒక్క గమనిక.

1. గ్రాఫిక్స్ కార్డు తీశాం. అదే కుదుపు.
2. ముందు యూఎస్‌బీ, ఆడియో, క్యాబినెట్ ఫ్యాన్ల ప్లగ్గులు తీశాం. అదే.
3. ఎస్‌ఎంపీఎస్ దగ్గర సాటా, మోలెక్స్ కేబుళ్లు (డిస్కుల వంటి వాటికి కరెంటు ఇచ్చేవి) తీశాం. అదే.
4. ప్రాసెసర్ 8-పిన్ కేబుల్ తీశాం. ఫ్యాన్లు ఆగకుండా తిరిగాయి.

నాలుగో అడుగు చాలా చెబుతుంది. 8-పిన్ లేకుండా ప్రాసెసర్ నడవదు, కాబట్టి ఇది స్టార్ట్ కావడం కాదు. కానీ షార్ట్ ఉన్నది ప్రాసెసర్‌కు 12 వోల్ట్‌లు తీసుకెళ్లే దారిలోనే అని తేలింది. ఆ దారిలో కేబుల్, బోర్డు మీది వోల్టేజ్ రెగ్యులేటర్లు, ప్రాసెసర్, బోర్డు అడుగు భాగం ఉన్నాయి.

కేబుల్ సంగతి ముందు. ప్రాసెసర్ 8-పిన్, గ్రాఫిక్స్ 8-పిన్ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ప్రాసెసర్ ప్లగ్గులో క్లిప్ వైపు వరుస 12 వోల్ట్‌లు, ఎదుటిది గ్రౌండ్. గ్రాఫిక్స్ ప్లగ్గులో ఇది తారుమారు. రంధ్రాల ఆకారాలు వేరుగా పెట్టింది అందుకే. బలవంతంగా దూర్చితే నేరుగా షార్ట్. ప్రాసెసర్‌ది 4+4గా విడిపోతుంది, గ్రాఫిక్స్‌ది 6+2గా. ఇంకోటి, మాడ్యులర్ కేబుళ్ల ఎస్‌ఎంపీఎస్ వైపు చివరకు ఒక ప్రమాణం లేదు. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ కొత్తదానికి సరిపోయినా వైరింగ్ వేరుగా ఉండొచ్చు. కేబుళ్లు కలపొద్దు. ఇక్కడ కేబుల్ సరైనదే, పెట్టెలోదే.

తర్వాత బోర్డు. కార్డు పీకి, 24-పిన్, 8-పిన్ రెండూ తీసేసి, మల్టీమీటర్‌ను ఓంలలో పెట్టి, బోర్డు మీది 8-పిన్ సాకెట్‌లో ఒక ప్రోబు క్లిప్ వైపు, ఒకటి ఎదుటి వైపు:

- ప్రోబులు ఒకదానికొకటి తాకిస్తే: 0.3 ఓంలు
- సాకెట్‌లో కొలిస్తే: 0.4 ఓంలు

అంటే దాదాపు సున్నా. బాగున్న బోర్డు మీద ఈ అంకె చిన్నగా మొదలై, కెపాసిటర్లు చార్జ్ అవుతున్న కొద్దీ పెరిగి, ఎంతో పైన ఎక్కడో నిలవాలి. కదలకుండా సున్నా దగ్గర ఉంటే రెండే దారులు: రెగ్యులేటర్‌లో మాస్ఫెట్ (కరెంటును ఆన్, ఆఫ్ చేసే చిన్న భాగం) కాలిపోయి ఉండాలి, లేదా బోర్డు అడుగున లోహం తగులుతుండాలి.

తొమ్మిది స్క్రూలు తీసి బోర్డును ఒక సెంటీమీటరు పైకి లేపి అదే చోట మళ్లీ కొలిస్తే అంకె ఎక్కుతూ పోయి కిలో ఓంలలో నిలిచింది. బోర్డు క్షేమం.

కారణం క్యాబినెట్‌లో ఉంది. వేర్వేరు సైజుల బోర్డులకు పనికొచ్చేలా కొన్ని ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును క్యాబినెట్ రేకుకు తగలకుండా ఎత్తి పట్టే కాళ్లు) ముందే బిగించి వస్తాయి. వాటిలో ఒకటి ఈ బోర్డులో రంధ్రం లేని చోట, సరిగ్గా రెగ్యులేటర్ల కింద, సోల్డర్ మొనలకు తగులుతోంది. బోర్డు వెనక అక్కడ చిన్న గీత కూడా పడింది. దాన్ని విప్పేశాం.

బోర్డు దింపే ముందు చేయాల్సింది: బోర్డును క్యాబినెట్ పక్కన పెట్టి రంధ్రాలు లెక్కపెట్టండి, స్టాండాఫ్‌లు లెక్కపెట్టండి. రెండు సంఖ్యలూ, వాటి స్థానాలూ కలవాలి. రంధ్రం కింద స్టాండాఫ్ లేకపోయినా తిప్పలే: 24-పిన్ నొక్కేటప్పుడు బోర్డు వంగుతుంది.

లెక్క: కొట్టేసినవి ఇప్పుడు 4, 6 కూడా. మిగిలినవి 10. తప్పులు 2.

## దశ 3: బల్ల మీద, అవసరమైనవి మాత్రమే

షార్ట్ దొరికినా వెంటనే క్యాబినెట్‌లోకి వెళ్లలేదు. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డును ఉంచి నడపాలి. యాంటీస్టాటిక్ కవరు మీద వద్దు, దాని పొర కొంత కరెంటును పోనిస్తుంది.

ఉంచినవి: బోర్డు, ప్రాసెసర్, కూలర్ (ఫ్యాన్ ప్లగ్గు సీపీయూ ఫ్యాన్ హెడర్‌లోనే), ఏ2 స్లాట్‌లో (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఏ, బీ అని రెండు దారులు, అంటే చానెళ్లు; ఇది ఏ చానెల్‌లో రెండో స్లాట్) ఒక్క ర్యామ్ స్టిక్, 24-పిన్, 8-పిన్, బోర్డు మీది పోర్టుకు మానిటర్. రైజెన్ 7600లో గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డు అక్కర్లేదు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5000 వరుసలో జీ లేని డెస్క్‌టాప్ మోడళ్లలోనూ ఉండదు. వాటితో బోర్డు పోర్టుకు మానిటర్ తగిలించి "డిస్‌ప్లే రాలేదు" అని వెతికితే ఎప్పటికీ తేలదు.

6, 8 పిన్‌లు తాకించగానే ఫ్యాన్లు తిరిగాయి, ఆగలేదు. డీబగ్ ఎల్ఈడీల్లో సీపీయూ వెలిగి ఆరింది, డీర్యామ్ (అంటే ర్యామ్) దగ్గర పసుపు లైటు నిలిచిపోయింది. తెర నలుపు.

ఇక్కడ మొదటి పని చేతులు కట్టుకుని కూర్చోవడం. డీడీఆర్5 మొదటిసారి స్టార్ట్ అయ్యేటప్పుడు బోర్డు ర్యామ్‌తో సంకేతాల సమయాలు సరిచూసుకుంటుంది; దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. ఏఎం5లో ఇది నిమిషాలు పడుతుంది, ర్యామ్ పరిమాణం ఎక్కువైతే ఇంకా ఎక్కువ. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో కరెంటు తీస్తే మొదటి నుంచీ మొదలు. గడియారం పెట్టుకుని 15 నిమిషాలు వదిలేయండి.

15 నిమిషాలైనా పసుపు లైటు కదల్లేదు. అప్పుడు:

1. కార్డు పీకి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ తీసి, పవర్ బటన్ పిన్‌లు ఒకసారి తాకించి, 5 నిమిషాలు ఆగి తిరిగి పెట్టాం. బ్యాటరీ 3.1 వోల్ట్‌లు ఉంది, సరే. లైటు అలాగే ఉంది.
2. స్టిక్‌ను తీసి మళ్లీ నొక్కాం, రెండు చివరలా సమంగా. ఒకవైపే క్లిప్ ఉన్న స్లాట్లలో రెండో చివర పైకి లేచి ఉండిపోతుంది, కంటికి తెలియదు. లైటు అలాగే.
3. స్టిక్కులు, స్లాట్లు మార్చి మార్చి చూశాం. ప్రతి మార్పుకూ ట్రైనింగ్ సమయం ఇవ్వాలి.

ఫలితం:

- మొదటి స్టిక్, ఏ2: డీర్యామ్ లైటు
- మొదటి స్టిక్, బీ2: బయోస్ తెర వచ్చింది
- రెండో స్టిక్, ఏ2: డీర్యామ్ లైటు
- రెండో స్టిక్, బీ2: బయోస్ తెర వచ్చింది

ఈ నాలుగు వరుసలు నింపకుండా ర్యామ్ పాడైందని ఎవరూ అనకూడదు. పాడైన స్టిక్ ఏ స్లాట్‌లోనైనా విఫలం కావాలి. ఇక్కడ రెండు స్టిక్కులూ బీ చానెల్‌లో బాగున్నాయి, రెండూ ఏ చానెల్‌లో విఫలం. తప్పు చానెల్‌ది. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది కాబట్టి, స్లాట్ నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారిలో బలహీనమైన చోటు సాకెట్. ర్యామ్ లైటు వెలిగితే సాకెట్ చూడాలన్న సంగతి చాలామందికి తట్టదు.

4. కూలర్ స్క్రూలు వదులు చేసి, ఎదురెదురుగా అర చుట్టు చొప్పున సమంగా బిగించాం. ఒక మూల ఎక్కువ బిగిస్తే ప్రాసెసర్ వాలి కొన్ని పిన్‌లకు ఒత్తిడి తగ్గుతుంది. ఈసారి తేడా రాలేదు.
5. కూలర్ తీసి, సాకెట్ తెరిచాం.

ఏఎం5లో ప్రాసెసర్‌ను ఇనుప చట్రం పట్టుకుని ఉంటుంది. దానికి ముందు వచ్చిన ఏఎం4 సాకెట్‌లో అలా కాదు. అక్కడ కూలర్‌ను నేరుగా లాగితే పేస్ట్ పట్టుకు ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్‌లు వంగుతాయి. కాస్త వేడెక్కనిచ్చి, ఆపేసి, అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

సాకెట్‌లో 1718 పిన్‌లు. కంటితో చూసి బాగున్నాయనడం కుదరదు. టార్చిని పక్కనుంచి, బాగా వాల్చి పట్టి, ఫోనుతో నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీసి పెద్దవి చేసి చూడాలి. వరుసలన్నీ ఒకే తీరున మెరవాలి. మెరుపు తెగిన చోట పిన్ వంగినట్టు. ఇక్కడ పిన్‌లన్నీ నిటారుగా ఉన్నాయి. ప్రాసెసర్ అడుగున మాత్రం ఒక అంచు దగ్గర బూడిదరంగు మరక, బంగారు గడుల మీద పలుచగా పరుచుకుని ఉంది. థర్మల్ పేస్ట్. వేలికి అంటిన పేస్ట్‌తో ప్రాసెసర్ పట్టుకుంటే జరిగేది ఇదే. సాధారణ పేస్ట్ కరెంటును పోనివ్వదు కాబట్టి షార్ట్ కాలేదు. ఆ గడులకు సంపర్కమే లేకుండా పోయింది.

6. ఐసోప్రొపైల్‌తో తడిపిన పోగులు రాని గుడ్డతో ఒకే దిశలో తుడిచాం, మరక గుడ్డకు అంటడం ఆగే దాకా. పూర్తిగా ఆరనిచ్చాం. సాకెట్ పిన్‌ల మీద మాత్రం గుడ్డ పెట్టొద్దు, పోగు తగులుకుంటే పిన్‌లు లేచిపోతాయి.

ప్రాసెసర్ పైమూత అంచుల్లోని గుంటల్లోకి పేస్ట్ వెళ్లి ఉంటే దాని గురించి కంగారు పడక్కర్లేదు. పనికి అడ్డొచ్చేది అడుగు భాగమే. పిన్‌లు నిజంగా వంగి ఉంటే మాత్రం భూతద్దం, సన్న సూది, నిలకడైన చేయి కావాలి. వంగిన పిన్‌లకు వారంటీ సాధారణంగా వర్తించదు కాబట్టి ముట్టుకునే ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

కొత్త పేస్ట్, కూలర్, ఏ2లో స్టిక్. బయోస్ తెర వచ్చింది. కరెంటు ఆపి బీ2లో రెండోది పెట్టాం. మళ్లీ ట్రైనింగ్, మళ్లీ ఓపిక. తెర మీద 32 జీబీ.

లెక్క: కొట్టేసినవి ఇప్పుడు 8, 9, 10, 11, 14 కూడా. మిగిలినవి 5: ఎస్‌ఎంపీఎస్ (ప్రశ్నార్థకంతో), ముందు యూఎస్‌బీ, బయోస్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ. తప్పులు 3.

## దశ 4: బయోస్

తెర వచ్చిందని వెంటనే సెట్టింగులు మార్చడం మొదలుపెట్టకండి. ముందు చదవాల్సినవి రెండు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత: ఇక్కడ 43 డిగ్రీల దగ్గర నిలిచింది. ఇది నిమిషంలో 80 దాటి ఎక్కుతూ పోతే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయలేదన్నమాట, వెంటనే ఆపాలి. సీపీయూ ఫ్యాన్ వేగం: సున్నా చూపిస్తే ప్లగ్గు వేరే హెడర్‌లో ఉంది, కొన్ని బోర్డులు ఈ ఒక్క కారణానికే ముందుకు పోవు.

ర్యామ్ 4800 వేగంలో నడుస్తోంది. ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగు) ఆన్ చేయలేదు. మొత్తం మెషీన్ నిలబడే దాకా అది ముట్టుకోకూడదు.

ఈ ప్రాసెసర్‌కు ఈ బోర్డు బయోస్ సరిపోయింది. బోర్డు తర్వాత విడుదలైన ప్రాసెసర్ పెడితే, ఉదాహరణకు పాత బయోస్ ఉన్న బీ650 మీద రైజెన్ 9000, సీపీయూ లైటు దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ సదుపాయం (మెషీన్ లేవకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ మార్చే వీలు) ఉన్న బోర్డుల్లో దారి ఉంది:

1. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి.
2. బయోస్ ఫైలు పేరును మాన్యువల్ చెప్పినట్టు మార్చాలి. ఎక్కువ వైఫల్యాలు ఇక్కడే.
3. గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టి, 24-పిన్, 8-పిన్ తగిలించి, ఫ్లాష్‌బ్యాక్ బటన్ నొక్కాలి.
4. లైటు మిణకడం ఆగే దాకా కరెంటు తీయకూడదు.

లెక్క: 12 కొట్టేశాం. మిగిలినవి 4.

## దశ 5: క్యాబినెట్‌లోకి, ఒక్కో ప్లగ్గూ విడిగా

బోర్డు బిగించాక, కరెంటు ఇవ్వకముందే, 8-పిన్ సాకెట్‌లో ఓంలు మళ్లీ కొలిచాం. అంకె కిలో ఓంలలోకి ఎక్కింది. కొలత క్షణంలో అయిపోతుంది, రెండో దశను మళ్లీ చేసే శ్రమ తప్పుతుంది.

ప్యానెల్ వైర్లు, క్యాబినెట్ ఫ్యాన్లు, ఆడియో ఒకదాని తర్వాత ఒకటి పెట్టి ప్రతిసారీ స్టార్ట్ చేశాం. ముందు యూఎస్‌బీ పెట్టగానే తెర మీద హెచ్చరిక: యూఎస్‌బీ పరికరం కరెంటు పరిమితి దాటింది, 15 సెకన్లలో ఆగిపోతుంది. అలాగే ఆగింది.

19 పిన్‌ల యూఎస్‌బీ హెడర్ పిన్‌లు చాలా సన్నం, ప్లగ్గు కాస్త వంకరగా దిగినా వంగుతాయి. ప్లగ్గు తీస్తే హెచ్చరిక పోయింది, కాబట్టి ముందు ప్యానెల్‌లోనో హెడర్‌లోనో ఉంది తప్పు. టార్చి వేసి చూస్తే మూల పిన్ పక్కదాని మీదికి ఒరిగి ఉంది. కార్డు పీకి, లోపలి ములుకు తీసిన మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని పిన్ మీదికి దింపి నిటారుగా చేశాం. ఒకేసారి వంచాలి, అటూ ఇటూ ఊపితే విరుగుతుంది. ప్లగ్గు గాడి, హెడర్‌లో పిన్ లేని మూల చూసుకుని మళ్లీ పెట్టాం. హెచ్చరిక లేదు.

అన్నీ ఒకేసారి తగిలించి ఉంటే ఈ 15 సెకన్ల ఆగిపోవడం మళ్లీ షార్టేనేమో, ఎస్‌ఎంపీఎస్సేనేమో అనిపించి ఉండేది.

లెక్క: 7 కొట్టేశాం. మిగిలినవి 3. తప్పులు 4.

## దశ 6: గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ

కార్డును పై స్లాట్‌లో క్లిప్ పడే దాకా దింపి, 8-పిన్ పెట్టి (6+2లో ఆ రెండు పిన్‌ల ముక్క వెనక్కి జారకుండా కలిపి పట్టుకుని), మానిటర్ కేబుల్‌ను బోర్డు నుంచి కార్డుకు మార్చాం. డిస్‌ప్లే వచ్చింది. ఇక్కడ తప్పేమీ లేదు.

ఒక సంగతి మాత్రం తెలిసి ఉండాలి. కొన్ని నాసి డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో 20వ పిన్‌ను రెండు చివరలా కలిపేస్తారు. ప్రమాణం ప్రకారం మామూలు కేబుల్‌లో అది కలవకూడదు. కలిస్తే మానిటర్ నుంచి 3.3 వోల్ట్‌లు వెనక్కి కార్డులోకి వస్తాయి. మెషీన్ ఆపినా ఏదో లైటు మసకగా వెలుగుతుంటే, లేదా మానిటర్ కేబుల్ పీకితేనే స్టార్ట్ అవుతుంటే ఆ కేబుల్‌నే అనుమానించండి.

ఎస్‌ఎస్‌డీ బయోస్‌లో కనిపించింది. బూట్ లైటు వెలిగే ఉంది, అది తప్పు కాదు: డిస్కు ఖాళీ, ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. ఇన్‌స్టాల్ చేశాక ఆరింది. సాటా డిస్కు కూడా పెట్టేవాళ్లు మాన్యువల్ చూడాలి, కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ వాడితే కొన్ని సాటా పోర్టులు ఆగిపోతాయి.

లెక్క: 13, 15 కొట్టేశాం. మిగిలినది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే.

## దశ 7: లోడు

ఖాళీ మోలెక్స్ ప్లగ్గులో, పాత కేబుళ్లలో పసుపు, నలుపు వైర్లుండే స్థానాల మధ్య 12 వోల్ట్‌ల లైను. మెషీన్ ఊరికే ఉన్నప్పుడు 12.11. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండింటికీ ఒకేసారి పూర్తి పని ఇస్తే 12.02. అరగంట పాటు ఆ దరిదాపులోనే నిలిచింది. 11.40 చాలా దూరం. ఎస్‌ఎంపీఎస్ పేరు పక్క ప్రశ్నార్థకం తీసేశాం.

తర్వాత మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్), నాలుగు పాస్‌లు, 4800 వేగంలో. తప్పులు సున్నా. ఈ పరీక్షలో "ఒకటే తప్పు వచ్చింది, పర్వాలేదు" అనేది లేదు. ఒక్కటి వచ్చినా ర్యామ్ గానీ సెట్టింగు గానీ మార్చాలి.

అప్పుడు ఎక్స్‌పో ఆన్ చేసి 6000కు. తెర మళ్లీ నల్లబడింది, డీర్యామ్ లైటు వెలిగింది. కొత్త వేగానికి కొత్త ట్రైనింగ్. ఆగితే వచ్చింది. మళ్లీ నాలుగు పాస్‌లు, సున్నా.

లెక్క: అనుమానితులు 0. తప్పులు 4.

మిగిలిన పని ఒక్కటి, ప్రతిసారీ స్టార్ట్ కావడానికి పట్టే సమయం. బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆన్ చేస్తే పాత ట్రైనింగ్ ఫలితాన్నే వాడుకుని త్వరగా లేస్తుంది. ఇది మెమ్‌టెస్ట్ పూర్తయ్యాకే ఆన్ చేశాం, ఎందుకంటే నిలకడలేని ర్యామ్ మీద ఇది తప్పులను అలాగే మోసుకొస్తుంది. స్టిక్ మార్చినా, స్లాట్ మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా దీన్ని ఆఫ్ చేసి, ట్రైనింగ్ ఒకసారి పూర్తిగా జరగనిచ్చి, తర్వాతే తిరిగి ఆన్ చేయాలి.